మాటలు తీసేసిన మొర

జెరూషా కీబోర్డు వాయిస్తుంది కానీ పాడదు. చిన్నప్పుడు సండే స్కూల్లో పాట మధ్యలో గొంతు జీరపోతే వెనక బెంచీవాళ్లు నవ్వారు. ఆ తర్వాత నలుగురిలో నోరు తెరిచి పాడలేదు. చోడవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరి, పిల్లలకి ఎక్సెల్‌లో కూడికలూ పెయింట్‌లో ఇల్లూ కొండా గీయడమూ నేర్పుతూ వచ్చింది. భర్త ఉదయ్‌కుమార్‌ది మందుల కంపెనీలో షిఫ్టు పని. పిల్లల్లేరు.

పిల్లల్లేని సంగతి ఊరికి తెలిసినది చర్చి మైకులోనే. పెళ్లయి ఒకటి రెండేళ్లు గడిచాక ఓ ఆదివారం, ప్రార్థన మనవులు చెప్పే వేళ, సంఘంలో ఒక పెద్దావిడ మైకు అందుకుని, "మన జెరూషమ్మకి గర్భఫలం కోసం అందరం ప్రార్థన చేద్దాం" అంది. ఆవిడది మంచి మనసే. కానీ జెరూషా అప్పుడు అందరికీ ఎదురుగా కీబోర్డు ముందు కూర్చుని ఉంది. ప్రార్థన అయ్యేదాకా ఏదో ఒక స్వరం వాయిస్తూనే ఉండాలి కాబట్టి వాయిస్తూనే ఉంది. సోమవారం నాటికి స్కూల్లో ఆయాలు కూడా ఏ ఆకు పసరు మంచిదో చెప్పడం మొదలుపెట్టారు.

ఇది జరిగి చాలా ఏళ్లైంది. ఆమె దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక వేసవి సెలవుల్లో, కీబోర్డులోంచి వచ్చే బరబర శబ్దం ఎలా పోగొట్టాలా అని ఇంటర్నెట్‌లో వెతుకుతూంటే ఆమెకి ఒక ఉచిత ప్రోగ్రాం దొరికింది. శబ్దంతో పని చేసే ప్రోగ్రాం. అందులో కోడ్ రాయక్కర్లేదు. తెర మీద చిన్న చిన్న డబ్బాలు పెట్టాలి. ఒక డబ్బా మైకు నుంచి శబ్దాన్ని తీసుకుంటుంది. ఒకటి దాన్ని సాగదీస్తుంది. ఇంకొకటి కాసేపు ఆపి మళ్లీ వినిపిస్తుంది. ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి మౌసుతో గీత లాగితే ఆ గీత వెంట శబ్దం పారుతుంది, గీత తీసేస్తే ఆగిపోతుంది. జెరూషా ఆ సెలవులన్నీ దాని ముందే గడిపింది. కుక్కరు విజిల్‌ని రికార్డు చేసి, సాగదీసి, వేణువు లాంటి శబ్దం రాబట్టింది. బస్టాండు దగ్గర చెరుకు రసం బండి మువ్వల చప్పుడు ఫోన్లో పట్టుకొచ్చి, దాన్ని వాన చేసింది.

ఉదయ్‌కుమార్ డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా విప్పుతూ తెర వంక చూసేవాడు.

"ఏటే ఆ గీతలు? వైరింగు పని నేర్సుకుంటన్నావా?"

"అలాటిదే."

"అయితే ముందు మన బాత్రూం లైటు సూడు."

తర్వాత ఆమెకి ఆటోమేషన్ సేవల పిచ్చి పట్టింది. ఒక చోట ఏదైనా జరిగితే మరో చోట ఫలానా పని దానంతట అదే జరిగేలా ముడి పెట్టుకోనిచ్చే వెబ్‌సైట్లు అవి. వాన వస్తుందని వాతావరణం సైటు చెబితే ఇంట్లో లాప్‌టాప్ వాన చప్పుడు చేసేలా పెట్టింది. స్కూలుకి సెలవని గ్రూపులో మెసేజ్ వస్తే గంట మోగేలా పెట్టింది. "వానొత్తే కిటికీలోంచి కనపడదేటి?" అన్నాడు ఉదయ్‌కుమార్. ఆమె నవ్వింది. దేనికి పనికొస్తుందో ఆమెకీ తెలియదు. ఒక గీత లాగగానే ఎక్కడో ఏదో కదలడం బాగుండేది, అంతే.

ఆ శబ్దాలు శ్రద్ధగా విన్న మనిషి ఒక్కతే, మణి.

మణి ఇల్లు చర్చి వెనక సందులో. వరండాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమే. జెరూషా కీబోర్డు మీద మొదటి స్వరం వాయించగానే మణి అందుకునేది. జెరూషా కన్నా కొన్నేళ్లు పెద్దది, అక్కా అని పిలిపించుకునేది. భర్త సత్యరాజు క్రషింగ్ సీజన్లో గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు లోడ్ల ట్రాక్టరు తోలేవాడు, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే అది. అత్త అచ్చియ్యమ్మకి పక్షవాతం. కుడి వైపంతా చచ్చుబడి, మాట సగం పడిపోయి, ఏళ్ల తరబడి ముందు గదిలో మంచం మీదే ఉంది. ఆమెకి నీళ్లు పోయడం, గుడ్డలు మార్చడం, పుళ్లు పడకుండా పక్కకి తిప్పడం, జావ చెంచా చెంచాగా నోట్లో పోయడం, అన్నీ మణే. సంఘంలో ఏ కోడలు కస్సుమన్నా "మణిని చూసి నేర్చుకో" అనేవారు. అయ్యగారు, అంటే చర్చి పాస్టరు, ప్రసంగంలో రెండు మూడు సార్లు ఆమె పేరు ఎత్తారు కూడా. అచ్చియ్యమ్మ చర్చికి రాలేదు కాబట్టి ఆరాధన వినపడేలా చర్చి డాబా మీది హారను స్పీకరు ఒకటి ఆ ఇంటి వైపు తిప్పించమని సత్యరాజు అడిగాడు. తిప్పించారు.

ఒకసారి జెరూషా లాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. మణి ఏదో చెబుతూ కుడుతోంది. కరెంటు పోవడం, దారం తెగడం, సత్యరాజు చెప్పకుండా వడ్డాది సంతకి పోవడం, ఇలాంటివే. జెరూషా ఆ మాటల్ని రికార్డు చేసి, తాను కట్టిన డబ్బాల్లోంచి పంపి, తిరిగి వినిపించింది. మాటలు పోయాయి. అక్షరాలన్నీ ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయి, గొంతులోని ఎత్తూ పల్లమూ మాత్రం మిగిలింది. ఎవరో దూరంగా కూర్చుని కూనిరాగం తీస్తున్నట్టుంది.

మణి మిషను ఆపి వింది.

"నా గొంతే. గానీ ఏటన్నానో తెల్దు."

"తెలీదక్కా. ఎలా తిప్పినా మళ్లీ మాటలు రావు."

"ఇది బాగుందే. ఎవులికీ తెలకుండా ఏడ్సుకోవచ్చు."

మణి మళ్లీ తొక్కుడు మొదలుపెట్టింది. జెరూషా మాత్రం ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తలుచుకుంది. తన పేరు మైకులో మోగిన ఆదివారం గుర్తొచ్చింది.

ఆమె కట్టినది చెప్పుకోడానికి చిన్నదే. సంఘం పేరిట ఒక ఫోను నంబరు. ప్రార్థన మనవి ఉన్నవాళ్లు ఆ నంబరుకి వాయిస్ మెసేజ్ పంపాలి. పేరు అక్కర్లేదు. మెసేజ్ రాగానే ఆటోమేషన్ సేవ దాన్ని తీసి ఇంటర్నెట్‌లో ఒక ఫోల్డర్‌లో వేస్తుంది. ఆదివారం చర్చిలో ఉన్న పాత లాప్‌టాప్ ఆ ఫోల్డర్ తెరిచి, ఒక్కో గొంతునీ డబ్బాల్లోంచి పంపి, మాటలు తీసేసి, స్పీకర్లలోకి వదులుతుంది. ఎవరూ వినరు, ఎవరూ ముట్టుకోరు. జెరూషా కూడా వినదు.

అయ్యగారు మొదట అనుమానపడ్డారు. సంఘ కార్యదర్శి మోజెస్ గారు, తాలూకాఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన ఆయన, చర్చి మిక్సరు దగ్గర కూర్చుని వాల్యూములు చూసే మనిషి, మాత్రం ఉత్సాహపడ్డారు. "అనకాపల్లిలో ఏ చర్చిలోనూ లేదండీ ఇలాటిది" అన్నారు.

మొదటి ఆదివారం ఆ శబ్దం వచ్చినప్పుడు చర్చిలో పిల్లలు కూడా గోల ఆపారు. ఒక గొంతు లోతుగా, మూలిగినట్టు. ఒకటి సన్నగా, ఎక్కడా ఆగకుండా. మధ్యలో ఒక మగగొంతు, చాలాసేపు పైకి లేవలేక చివరికి లేచి విరిగిపోయింది. ఎవరిదో తెలియదు, ఏ కష్టమో తెలియదు. ఆడవాళ్ల వైపు ఒకావిడ ఏడ్చింది. ఆ వారం నుంచి మెసేజ్‌లు పెరిగాయి. చర్చి మెట్లు దిగుతూ ఒక రైతు జెరూషా దగ్గర ఆగి, "నా పెళ్లానికి కూడా సెప్పని మాట సెప్పేనమ్మా" అని వెళ్లిపోయాడు. ఆ రోజు ఇంటికెళ్లి జెరూషా పప్పులో ఉప్పు రెండు సార్లు వేసింది. అంత సంతోషంగా ఉంది.

మోజెస్ గారికి మాత్రం ఒక వెలితి కనపడింది. పంట పండుగ దగ్గర పడుతోంది. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తారు, హారన్లన్నీ పెట్టి వీధికి వినిపిస్తారు.

"కష్టాలు ఇలగే ఉంచమ్మా, బాగుంది. గానీ మేలు పొందినోళ్ల సాక్ష్యాలు కూడా ఇలా మూలుగుల్లా వస్తే ఎలాగ? జబ్బు నయమైందని ఒకడు సెప్తే, అది మాటల్లో వినపడాలి. బయటోళ్లు వినాలి."

"అయితే సాక్ష్యాలకి ఇంకో నంబరు పెడదామండీ."

"రెండు నంబర్లు ఎవడికి గుర్తుంటాయి? నువ్వే అన్నావు కదా, అన్నీ అదే సేసుకుపోద్దని. ఏది కష్టమో ఏది సాక్ష్యమో అదే ఏరుకోలేదా?"

ఏరుకోలేదని ఆమె అనొచ్చు. కానీ ఏరుకోగలదేమో చూడాలనిపించింది. ఇంట్లో కూర్చుని చూస్తే ఆ ఆటోమేషన్ సేవలోనే దారి దొరికింది. వచ్చిన మాటల్ని అది అక్షరాలుగా మార్చగలదు. అక్షరాల్లో ఫలానా మాట ఉంటే ఒక ఫోల్డర్‌లో, లేకపోతే ఇంకో ఫోల్డర్‌లో వేయగలదు. సాక్ష్యం చెప్పేవాళ్లంతా అనే మాట ఏమిటా అని ఆలోచించి "స్తోత్రం" అని పెట్టింది. తన గొంతుతోనే పరీక్షించింది. "నా జ్వరం తగ్గింది, దేవునికి స్తోత్రం" అంటే మాటలు స్పష్టంగా వినిపించాయి. "నాకు చాలా కష్టంగా ఉంది" అంటే మాటలు కరిగిపోయాయి. మళ్లీ మళ్లీ చూసింది. ఒక్కసారీ తప్పలేదు. స్టాఫ్ రూములో లెక్కల మేడానికి చూపించి మెప్పు కూడా పొందింది. సంఘానికి సాక్ష్యాల సంగతి శుక్రవారం ప్రార్థన కూడికలో మోజెస్ గారు చెప్పారు. మేలు పొందినోళ్ల మాటలు ఈసారి మాటల్లోనే వినిపిస్తాయన్నారు. కష్టాలు ఎప్పటిలాగే అన్నారు. ఏరేది ఎలాగో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆ సంఘంలో ఎవరైనా నోరు విప్పితే ముందు ఏం అంటారో జెరూషాకి తెలియనిది కాదు. పుట్టినప్పటి నుంచి వింటున్నదే. సంతోషమైనా దుఃఖమైనా కొందరు వందనాలతో మొదలుపెడతారు, కొందరు స్తోత్రంతో. తెర ముందు కూర్చున్నప్పుడు అది తట్టలేదు.

పండుగ రోజు చర్చి ముందు షామియానా వేశారు. బలిపీఠం దగ్గర చెరుకు గడలూ గుమ్మడికాయలూ వరి కంకులూ పేర్చారు. బుచ్చయ్యపేట వైపు నుంచి ఆటోల్లో జనం వచ్చారు. మణి పాటలు ఎత్తుకుంది. ఆ రోజు ఆమె గొంతు బాగుందని అందరూ అన్నారు. పాటలయ్యాక మోజెస్ గారు మైకులో సాక్ష్యాలు వినమని చెప్పి, లాప్‌టాప్ మీద మీట నొక్కారు. మొదటిది ఒక ముసలాయన గొంతు. కంటి ఆపరేషన్ బాగా జరిగిందట. జనం చప్పట్లు కొట్టారు. రెండోది ఒక అమ్మాయి, డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మళ్లీ చప్పట్లు. మూడోది చాలా నెమ్మదిగా మొదలైంది.

"ప్రభువా, నీకు స్తోత్రం. పేరు సెప్పక్కర్లేదన్నారు గానీ నీకెలాగూ తెలుసు, మణిని."

గొంతు చిన్నగా ఉందని మోజెస్ గారు వాల్యూం పెంచారు.

"మా అత్తని తీసుకెల్లిపో నాయనా. ఆవిడికి బాధ తప్పుద్దని అడగట్లేదు. నాకు తప్పాలని అడగతన్నాను. అందరూ నన్ను మంచిదంటారు. ఆ మాట ఇంటే నాకు ఒళ్లు మండతాది. నిన్న తలగడ సర్దతా, ఇది మొకం మీద పెట్టి కాసేపు ఒత్తితే అయిపోద్ది కదా అనుకున్నాను. సెయ్యను. సెయ్యనని నీకు తెలుసు. గానీ అనుకున్నాను."

జెరూషా కీబోర్డు వదిలి లేచింది. వేదికకీ మిక్సరుకీ మధ్య జనం కిక్కిరిసి కూర్చున్నారు. పిల్లల్ని దాటుకుంటూ, ఒకావిడ చీర కొంగు తొక్కి తూలుతూ వెళుతోంది. మోజెస్ గారు నోరు తెరిచి వింటున్నారు తప్ప ఆయన చెయ్యి కదలలేదు.

"ఆదివారం నేను గుడికొచ్చేది పాటల కోసం అనుకుంటారు. కాదు. కాసేపు ఇంటికాడ ఉండక్కర్లేదని వొస్తన్నాను. నన్ను సమించు. సమించకపోయినా పర్లేదు, ఆవిణ్ణి మాత్రం..."

జెరూషా లాప్‌టాప్ నుంచి మిక్సరుకి వెళ్లే తీగ లాగేసింది. హారన్లలో టప్పుమని ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది.

షామియానా కింద పక్కనున్నవాళ్లు మణి నుంచి కాస్త జరిగారు. కావాలని జరిగారో చూడ్డానికి వీలుగా జరిగారో. మణి చేతిలోని పాటల పుస్తకం మూసి, కుర్చీలో పెట్టి, కొంగు తల మీద సర్దుకుని నడిచింది. ఆమె పోయే దారిలో జనం తప్పుకున్నారు. మజ్జిగ డ్రమ్ము దగ్గర నిలబడ్డ సత్యరాజు ఆమెని చూశాడు కానీ వెంట వెళ్లలేదు. జెరూషా వెళ్లింది.

ముందు గదిలో అచ్చియ్యమ్మ కిటికీ వైపు తల తిప్పుకుని ఉంది. కిటికీకి ఎదురుగా, చర్చి డాబా మీద హారను కనపడుతోంది. మణి గిన్నెలో జావ తెచ్చి, మంచం పక్కన కూర్చుని చెంచా నోటి దగ్గర పెట్టింది. ముసలామె పెదాలు బిగించింది. మణి కాసేపు అలాగే పట్టుకుని, చెంచా గిన్నెలో పెట్టేసింది.

"అత్తా, ఆకలేత్తాది. తాగు."

ముసలామె కళ్లు మూసుకుంది. మాట సరిగా రాని మనిషి ఆ రోజు మాత్రం ఒక్క మాట అర్థమయ్యేలా అంది. "ఒద్దు."

గుమ్మంలో నిలబడ్డ జెరూషా వైపు మణి చూడలేదు. "నువ్వెల్లు" అంది.

జెరూషా ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచింది. ఆటోమేషన్ సేవలో, ఆ వారం జరిగిన పనులన్నీ వరసగా ఉన్నాయి. మెసేజ్ వచ్చింది, అక్షరాలుగా మారింది, మాట దొరికింది, ఫోల్డర్‌లో చేరింది. ప్రతి దాని పక్కనా పచ్చటి టిక్కు. ఎక్కడా పొరపాటు లేదు. కింద ఒక వరస ఉంది, పని విజయవంతంగా పూర్తయిందని. జెరూషా దాన్ని ఇంకోసారి చదివి, లాప్‌టాప్ మూసేసింది.

మర్నాడు ఆమె అయ్యగారి ఇంటికి వెళ్లింది. మోజెస్ గారు కూడా అక్కడే ఉన్నారు. తప్పు తనదని, వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి చెబుతానని అంది. మణి ఆ మాటలు దేవుడికి చెప్పుకుంది, ఎవరూ వినరని తానే మాటిచ్చింది, ఆ మాట నిలబెట్టలేకపోయింది, అదొక్కటీ చెబితే చాలంది.

"కంప్యూటరు తప్పు నీదేనమ్మా" అన్నారు మోజెస్ గారు. "గానీ ఆ మాటలు కంప్యూటరు అనలేదు కదా."

"మీరు వినాల్సిన మాటలు కావవి."

"విన్నాం కదా ఇప్పుడు. విన్నది విననట్టు ఎలగ ఉంటాం?"

అయ్యగారు టేబులు మీది గుడ్డ సర్దారు. "ఇప్పుడు మళ్లీ ఎత్తితే మళ్లీ రగులుతుందమ్మా. కొన్నాళ్లు పోనీ" అన్నారు. తర్వాతి ఆదివారం ఆయన నాలుకని అదుపులో పెట్టుకోవడం గురించి ప్రసంగించారు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. జెరూషా లేచి మాట్లాడదామనుకుంది. ప్రసంగం మధ్యలో లేవడమెలా అనుకుంది, అయ్యాక లేద్దామనుకుంది, అయ్యాక వాయించాల్సిన పాట ఉంది. వాయించింది.

ఈలోగా సత్యరాజు చెల్లెలు ఝాన్సీ బుచ్చయ్యపేట నుంచి ఆటో తెచ్చింది. అంతకు ముందు ఏడాదికోసారి వచ్చి, ఆపిల్ పళ్లు తలగడ పక్కన పెట్టి, తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయే మనిషి. ఈసారి వాకిట్లో నిలబడి వీధికి వినపడేలా, "మా అమ్మని సంపేదాకా ఉంచుతామేటి?" అంది. సత్యరాజు తల్లిని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. అన్నేళ్లలో అతను ఆమెని ఎత్తడం అదే మొదలు. ఎలా పట్టుకోవాలో తెలియక చంకల కింద చేతులు పెడితే ముసలామె నొప్పితో అరిచింది. "నడుం కింద సెయ్యెయ్యి" అంది మణి గుమ్మంలోంచి. ఝాన్సీ వెనక్కి తిరిగి, "నువ్వు సెప్పకు" అంది.

ఎప్పుడు తిప్పాలో, జావ ఎంత పల్చగా ఉండాలో, ఏ వైపు పడుకోబెడితే ఊపిరాడదో ఝాన్సీ అడగలేదు. మణి జెరూషా ఫోన్లు ఎత్తడం మానేసింది కాబట్టి ఈ సంగతులు జెరూషాకి ఇరుగుపొరుగు వల్లే తెలిశాయి. అచ్చియ్యమ్మ నెల తిరక్కుండా పోయింది. వీపు మీద పుళ్లు పడి, అవి లోతుకి దిగాయట. ఊళ్లో మాత్రం అలా అనుకోలేదు. కోడలి మాటలు విని దిగులుతో పోయిందన్నారు. మణే ఏదో పెట్టి ఉంటుందన్నవాళ్లు కూడా ఉన్నారు. ముసలామె చివరి రోజుల్లో ఉన్నది మణి దగ్గర కాదని వాళ్లకీ తెలుసు.

సమాధి తోటలో మణిని దగ్గరికి రానివ్వలేదు. గేటు బయట, ఆపి ఉన్న వ్యాను నీడలో నిలబడింది. పాట ఎత్తుకోవాల్సిన సమయంలో ఎవరూ ఎత్తుకోలేదు. కాసేపాగి ఒక మగాయన తప్పు శ్రుతిలో మొదలుపెట్టాడు. జెరూషా జనంలోంచి బయటికొచ్చి మణి పక్కన నిలబడింది. మణి కాస్త పక్కకి జరిగింది, అంతే. పొమ్మనలేదు.

ఆ వారమే జెరూషా డబ్బాలన్నీ చెరిపేసింది. ఆటోమేషన్ సేవలో ఖాతా తీసేసింది. మోజెస్ గారు ఇంటికొచ్చి, మనవుల సంగతి పోనీ, సాక్ష్యాలు మాత్రం ఉంచమ్మా, బయటి జనానికి బాగా పట్టిందది అన్నారు. ఆమె కుదరదంది. ఆయన అనకాపల్లి నుంచి ఎవరినో తెచ్చి కట్టించుకున్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం సాక్ష్యాలు స్పష్టంగా వినిపిస్తాయి. కష్టాలు ఎవరూ పంపడం లేదు. కీబోర్డు అయ్యగారి తమ్ముడి కూతురు వాయిస్తోంది.

మణి మాటలు మాత్రం పోలేదు. పండుగ రోజు ఎవరో ఫోన్లో రికార్డు చేశారు. అది ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి తిరిగింది. సత్యరాజు ట్రాక్టరు తోలే చోట దాన్ని పెట్టి నవ్వారు. అతను ఇంటికొచ్చి మణిని కొట్టలేదు, తిట్టలేదు. పని నుంచి నేరుగా బుచ్చయ్యపేట వెళ్లి చెల్లెలింట్లో తినడం మొదలుపెట్టాడు. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు తగ్గారు. ఒక రోజు మణి ఇంటికి తాళం వేసి ఉంది.

ఆమె ఎక్కడుందో జెరూషాకి చాలాకాలం తెలియలేదు. స్కూలు పని మీద అనకాపల్లి వెళ్లినప్పుడు, మెయిన్ రోడ్డు మీద ఒక మందుల షాపులో ఎదురుపడింది. నీలం రంగు కోటు వేసుకుని, పెద్దవాళ్ల డైపర్ల ప్యాకెట్టు చంకలో పెట్టుకుని ఉంది. ముందు మణే అంది.

"పక్క ఈధిలోనే పని. మంచం పట్టినోళ్లని సూసుకోడానికి మనుషుల్ని పెడతారు కదా. ఒక ముసలావిడ. బేంకు ఆఫీసరు గారి తల్లి."

"అక్కా, నేను..."

"సెప్పకు. ఫోన్లో నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్‌లన్నీ ఇన్నాను. నువ్వు కావాలని సేసేవని నేనెప్పుడూ అనుకోలేదు."

"నేను లేచి చెప్పాల్సింది. ఆ రోజు చర్చిలో. చెప్పలేదు."

"అవును. సెప్పలేదు."

మణి చిల్లర అందుకుని కోటు జేబులో వేసుకుంది. బయటికొచ్చి షాపు మెట్ల మీద నిలబడ్డారు. లారీలు పోతున్నాయి.

"దేవుడు విన్నాడో లేదో నాకు తెల్దు జెరూషా. ఊరు ఇంది. ఏడాదుల తరబడి నేను సేసింది ఒక్కడూ లెక్కెట్టలేదు, అనుకున్నదొక్కటీ అందరూ ఇన్నారు." ఆమె గొంతులో కోపం లేదు. ధర చెప్పినట్టు చెప్పింది. "ఈ ఇంటోళ్లు బాగానే సూత్తారు. ఆవిణ్ణి తిప్పడం నా అంత బాగా ఎవులికీ రాదంటారు."

"అక్కడే ఉంటావా అక్కా?"

"ఉంటాను. అదే పని, అదే కంపు. గానీ ఇక్కడ అలిసిపోయేనంటే సెలవిత్తారే."

రోడ్డు అవతల ఇంటి మేడ మీంచి ఎవరో మణీ అని కేక వేశారు. ఆమె ప్యాకెట్టు సర్దుకుని, బండ్లు ఆగే వరకూ చూసి, రోడ్డు దాటింది. జెరూషా చోడవరం బస్సు కోసం ఆర్టీసీ కాంప్లెక్సు వైపు నడిచింది.